కిశోరం, గోడిగ, గుగ్గిళ్ళు: బళ్ళారి సీమలో గుర్రపు పిల్లల పెంపకం

విజయనగర చరిత్ర రాసినవారందరూ గుర్రాలను గురించి రాశారు. అయితే ఆ రాతలన్నీ ఓడ దిగిన గుర్రంతోనే మొదలవుతాయి. హొర్ముజు నుంచి గోవాకు, గోవా నుంచి కనుమలెక్కి హంపీకి వచ్చిన గుర్రం మనకు పరిచితమే. తుంగభద్రకు ఇవతల, అవతల గడ్డిబీళ్ళలో పుట్టి, తల్లి వెంట నడిచి, పాలు మాని, ఉలవలు తిని, కళ్ళేనికి అలవడిన గుర్రం మాత్రం చరిత్ర గ్రంథాలలో దాదాపు కనిపించదు. దక్షిణాపథంలో గుర్రాలు పుట్టవు, పుట్టినా పనికిరావు అనే మాట మార్కో పోలో నాటి నుంచి నేటి వరకు ఒకరి నుంచి ఒకరికి సంక్రమిస్తూ వస్తున్నది. ఈ మాటలో నిజమెంత, పొరపాటెంత అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. ఇందుకు విదేశీయుల వృత్తాంతాలు, సంస్కృత శాస్త్రగ్రంథాలు, తెలుగు పదజాలం, నేటి పశువైద్య శాస్త్రం ఈ నాలుగూ ఆధారాలు.

మొదట చోటును గురించి ఒక మాట. హంపి, హోసపేట ప్రాంతం 2021 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం విజయనగర జిల్లాగా విడివడింది. అంతకు ముందు 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లానే రెండుగా చీలి, ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోను, మిగిలినవి చాలావరకు మైసూరు రాష్ట్రంలోను చేరాయి. ఈ వ్యాసంలో బళ్ళారి సీమ అన్నప్పుడు ఈ గీతలన్నిటికీ ముందున్న, తెలుగు కన్నడాలు రెండూ పలికే మెట్టభూమి అని గ్రహించాలి.

ఓడ దిగిన గుర్రం

పదమూడవ శతాబ్ది చివర తమిళ తీరాన్ని చూసిన మార్కో పోలో, అక్కడి రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలను కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా మిగలవనీ రాశాడు. గుర్రాలను చూసుకోవడం అక్కడివారికి తెలియదనీ, వండిన అన్నంలో మాంసం కలిపి పెడతారనీ అన్నాడు. మేలుజాతి గుర్రాన్ని మేలుజాతి గోడిగతో కలిపినా వంకర కాళ్ళ మరుగుజ్జు పిల్ల పుడుతుందనేది అతని మరొక మాట. పదిహేనవ శతాబ్దిలో బహమనీ రాజ్యానికి ఒక గుర్రాన్ని అమ్మకానికి తెచ్చిన రష్యా వర్తకుడు అఫనాసి నికితిన్ కూడా ఆ దేశంలో గుర్రాలు పుట్టవని చెప్పాడు. అయితే అక్కడ గుర్రాలకు పప్పుగింజలు పెడతారనీ, చక్కెర, నూనె కలిపి కిచిడీ వండి పెడతారనీ కూడా అతడే రాశాడు. ఈ రెండు వృత్తాంతాలలోని మేతల తేడాను గుర్తుంచుకోవాలి. దాని ప్రాముఖ్యం ముందు ముందు తెలుస్తుంది.

సముద్రం మీది ఈ వ్యాపారం తెలుగువారికి కొత్త కాదు. కొండవీటి కుమారగిరిరెడ్డి కాలంలో అవచి తిప్పయసెట్టి ఓడలలో తెప్పించిన వస్తువులలో హురుమంజి గుర్రాలున్నట్లు శ్రీనాథుని హరవిలాసం చెబుతుంది. తమిళ శాసనాలలో గుర్రపు వర్తకులను కుదిరైచ్చెట్టులని వ్యవహరించారు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతిలో, ఏనుగులను, మంచి గుర్రాలను తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్ళు, నగరంలో ఇళ్ళు, తరచు దర్శనం, మంచి ధర ఇచ్చి తన వారిని చేసుకోవాలనీ, ఆ సరుకు శత్రువులకు చేరనీయరాదనీ బోధించాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైన తరువాత ఈ నీతి మరింత అవసరమైంది. 1547లో సదాశివరాయల ప్రభుత్వం గోవా గవర్నరు జొవావ్ ద కాస్త్రోతో చేసుకున్న ఒడంబడికలో గోవాకు వచ్చే గుర్రాలను విజయనగరానికే అమ్మాలనీ, ఆదిల్‌షాకు అమ్మరాదనీ షరతు ఉన్నది. అంటే రాజ్యం బలం ఇతరుల రేవు మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

నూనిజ్ లెక్కలు చెప్పే సంగతి

1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న ఫెర్నావ్ నూనిజ్ వృత్తాంతాన్ని రాబర్ట్ సివెల్ 1900లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. రాజు ఏటా 13,000 గుర్రాలు కొంటాడన్న నూనిజ్ వాక్యాన్ని చరిత్రకారులు పదే పదే ఉదాహరించారు. కాని ఆ వాక్యంలోనే హొర్ముజు గుర్రాలతో పాటు దేశవాళీ గుర్రాలు కూడా ఉన్నాయన్న సంగతిని చాలామంది దాటిపోయారు. రాజు మేలైన పారసీక గుర్రాలను తన లాయానికి ఉంచుకొని, దేశవాళీ గుర్రాలను వెయ్యి పర్దావులకు ఐదు చొప్పున నాయకులకు అంటగట్టేవాడట. ఆ సొమ్ము సెప్టెంబరు నెలలోగా చెల్లించాలి. ఆ సొమ్ముతోనే పోర్చుగీసుల బాకీ తీరేది.

ఇంకొక చోట నూనిజ్ మరింత స్పష్టంగా చెప్పాడు. రాజు తన సొంత ఖర్చుతో ఆరు వేల మంది రౌతులకు గుర్రాలిచ్చేవాడు. వాటన్నిటికీ రాజముద్ర కాల్చి వేసేవారు. గుర్రం చస్తే ముద్ర ఉన్న తోలుముక్కను కోసి తెచ్చి అశ్వశాలాధిపతికి చూపితే మరొక గుర్రం ఇచ్చేవారు. ఇలా ఇచ్చేవి ఎక్కువగా దేశవాళీ గుర్రాలేననీ, రాజు వాటిని వెయ్యి పర్దావులకు పన్నెండు, పదిహేను చొప్పున కొంటాడనీ అతడు రాశాడు. సాళువ నరసింహుడు హొర్ముజు, ఏడెను గుర్రాలను వెయ్యికి మూడు చొప్పున కొన్నాడనీ, దారిలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపినా ధర ఇచ్చాడనీ చెప్పినవాడు కూడా ఈ నూనిజే.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండు ధరలు వేరువేరు రాజుల కాలం నాటివైనా దామాషా తెలియడానికి చాలును. ఓడ గుర్రం సుమారు 333 పర్దావులు. దేశవాళీ గుర్రం 67 నుంచి 83 పర్దావులు. నాలుగైదు దేశవాళీ గుర్రాల ఖరీదు ఒక ఓడ గుర్రానికి సమానం. అదే దేశవాళీ గుర్రాన్ని రాజు నాయకునికి 200కు అమ్మితే ఒక్కొక్క దాని మీద వంద పర్దావులకు మించిన లాభం.

దీనినుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, గుర్రాలు పుట్టని దేశంలో దేశవాళీ గుర్రానికి వేలకొద్దీ బేరం, స్థిరమైన ధర ఏర్పడవు. ఎక్కడో గోడిగలు ఈనుతున్నాయి. ఎవరో పిల్లలను సాకి, పెద్ద చేసి, సంతకు తోలుతున్నారు. రెండవది, ఊరేగింపులలో వెలిగింది హొర్ముజు గుర్రమే అయినా, ఆ గుర్రానికి డబ్బు చెల్లించింది మాత్రం ఊరిగుర్రం. పర్షియా గుర్రాల ఖరీదును ఈ నేల మీది పెంపకందారుల శ్రమ కొంతవరకు మోసిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

మాటలు ఇచ్చే సాక్ష్యం

పదజాలం కూడా ఈ విషయంలో సాక్ష్యం పలుకుతుంది. గుర్రపు సరంజామాకు, కొలువుకు సంబంధించిన తెలుగు మాటలలో చాలా భాగం పారసీ, అరబ్బీల నుంచి వచ్చినవి. జీను, లగాము, సాయీసు, చాబుకుస్వారు, మాలీషు అలాంటివే. మేలుగుర్రానికి పర్యాయమైన తేజి అన్న మాట అరబ్బు గుర్రాన్ని తెలిపే తాజీ నుంచి వచ్చింది. ఇవి గుర్రంతో పాటు ఓడ దిగిన మాటలు. కాని గుర్రం పుట్టుకకు, పెంపకానికి కావలసిన మాటలు చూడండి. గుర్రం, గోడిగ, పిల్ల, ఈత, మేత, దొడ్డి, గిట్ట, ఉలవ, గుగ్గిళ్ళు. ఇవన్నీ ఊరి మాటలు. ఆడుగుర్రానికి గోడిగ అని ప్రత్యేకమైన దేశి పదం ఉండడం గమనించదగినది. ఓడలలో దిగినవి ఎక్కువగా పోతులు. గోడిగ అవసరం పిల్లలు కావలసినవాడికే.

సంస్కృతం నుంచి వచ్చిన కిశోరం అన్న మాట చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. యువకిశోరం, సింహకిశోరం, నందకిశోరుడు అంటున్నప్పుడు ఆ మాట అసలు అర్థం మనకు తోచదు. అమరకోశం క్షత్రియవర్గంలో గుర్రాల పేర్ల వరుసలో గుర్రపు పిల్లకు కిశోరమని పేరు. వీథిబడులలో అమరం వల్లించిన తెలుగు పిల్లలందరూ, గురుబాలప్రబోధిక టీక సాయంతో ఆ అర్థాన్నే మొదట నేర్చుకున్నారు. పాలు మాని, ఇంకా జీను ఎరుగని వయసుకు పెట్టిన పేరు మనుషులలోని పదిహేనేళ్ళ ప్రాయానికి సంక్రమించిందంటే, ఆ దశను ఎంత శ్రద్ధగా గమనించి ఉంటారో ఊహించవచ్చు. అక్కడే గుర్రపు నడకలకు ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు పేర్లు కూడా ఉన్నాయి. వీటికి పంచధారలని పేరు. పిల్లకు నేర్పవలసిన పాఠ్యక్రమం ఇది.

తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసం రాశాడు. శాలిహోత్రుని పేరుతో వాడుకలో ఉన్న అశ్వశాస్త్ర సంప్రదాయం దీనికి మూలం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో గుర్రాల శిక్షణకు, వాహ్యాళికి తగినంత చోటిచ్చాడు. బళ్ళారి సీమ ఆ చాళుక్యుల ఏలుబడిలోని నేలే. అశ్వసాహిణి అన్న బిరుదు శాసనాలలో కనిపించే ఉద్యోగనామం. ఇంత విద్య ఉన్న చోట గుర్రాలను చూసుకోవడం తెలియదన్న మార్కో పోలో మాట దక్షిణాపథమంతటికీ వర్తించదు.

ఆరు నెలల పాలు

పిల్లను పెంచే పద్ధతిని గురించి మన గ్రంథాలలో స్పష్టమైన వివరం అర్థశాస్త్రం అశ్వాధ్యక్ష ప్రకరణంలో ఉన్నది. మైసూరులో ఆర్. శామశాస్త్రి బయటపెట్టి 1909లో ప్రకటించిన గ్రంథమే ఇది. అందులో అశ్వశాలలో గోడిగలకు, పోతులకు, కిశోరాలకు వేరువేరు చోట్లు ఉండాలన్న విధి ఉన్నది. ఈనిన గోడిగకు మూడు రోజులు ప్రస్థం చొప్పున నెయ్యి, ఆపైన పది రాత్రులు పిండి, నూనె, మందులు, తరువాత ఉడికించిన దాణా, పచ్చి మేత పెట్టాలి. పిల్లకు పది రాత్రులు దాటాక ఒక కుడుబం పిండి, అందులో నాలుగో వంతు నెయ్యి, ఒక ప్రస్థం పాలు చొప్పున ఆరు నెలలు నిండేదాకా ఇవ్వాలి. అటు తరువాత ప్రస్థం యవలతో మొదలుపెట్టి నెలనెలా పెంచుతూ మూడేళ్ళ దాకా, నాలుగో ఏట ద్రోణం దాకా తీసుకుపోవాలి. ద్రోణమంటే పదహారు ప్రస్థాలు. నాలుగు లేక ఐదేళ్ళు నిండిన గుర్రమే పూర్ణప్రమాణం కలది, పనికి అర్హమైనది.

నేటి పశువైద్యులు చెప్పే కాలక్రమం దీనికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. గోడిగ చూలు సుమారు పదకొండు నెలలు. పుట్టిన పిల్ల గంట రెండు గంటలలో లేచి నిలబడాలి. మొదటి పన్నెండు గంటలలో జున్నుపాలు తాగాలి. ఇరవైనాలుగు గంటలు దాటితే ఆ పాలలోని రోగనిరోధక శక్తి పిల్ల ఒంటికి పట్టదు. కొద్ది రోజులకే పిల్ల తల్లిని చూసి గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. రెండు నెలల తరువాత తల్లిపాలు క్రమంగా తగ్గుతాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలు మాన్పిస్తారు. ఆ వయసుకు పిల్ల తన పూర్తి ఎత్తులో ఐదింట నాలుగు వంతులు ఎదిగి ఉంటుంది. బరువులో మాత్రం సగానికి తక్కువే. చూడటానికి గుర్రంలా ఉన్నా ఎముక ఇంకా పసిది. ముంగాళ్ళ మోకాలి పైభాగపు ఎముకలో పెరిగే పొర మూసుకోవడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది. వెన్నెముక కుదురుకోవడానికి ఐదారేళ్ళు. నాలుగైదేళ్ళకు గాని కర్మణ్యం కాదన్న ప్రాచీన విధికి శాస్త్రీయమైన ఆధారం ఇక్కడ ఉన్నది.

పాలు మాన్పించే వారం పిల్ల బతుకులో గడ్డుకాలం. ఒక్కసారిగా ఒంటరిగా కట్టేస్తే పిల్ల అరిచి, దొడ్డి చుట్టూ పరుగెత్తి, కంచెకు కొట్టుకొని గాయపడుతుంది. మేత మానేసి చిక్కిపోతుంది. అందుచేత అనుభవజ్ఞులు ముందుగానే పిల్లను పొడిమేతకు అలవాటు చేస్తారు. ఈడుపిల్లలను జతగా ఉంచుతారు. మందలో నెమ్మదైన ముసలి గోడిగను తోడు పెడతారు. తల్లులను ఒక్కొక్కటిగా తప్పిస్తారు. తల్లికి దాణా తగ్గిస్తే పొదుగు వాపు లేకుండా పాలు ఎండుతాయి.

మచ్చిక పని పాలు మానకముందే మొదలవుతుంది. తల్లి పక్కన నడుస్తున్నప్పుడే తలతాడు వేసి నడిపించడం, మెడ, వీపు నిమరడం, ఒక్కొక్క గిట్ట ఎత్తి పట్టడం పిల్లకు అలవాటు చేయాలి. ఏడాది దాటాక నిలకడ, మాటకు ఆగడం, కదలడం. ఆపైన పొడుగు పగ్గం మీద గుండ్రంగా తిప్పడం. తరువాత వీపు మీద గుడ్డ, ఖాళీ జీను, నోట్లో కళ్ళెం. చిట్టచివర తేలికపాటి రౌతు. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెత ఇక్కడ సగమే వర్తిస్తుంది. మొక్కను వంచాలి గాని దాని మీద బరువు పెట్టరాదు. నూనిజ్ కాలంలో రాజు లాయంలో ఎనిమిది, తొమ్మిది వందల గుర్రాలుండేవి. రాజు కొలువులో 1600 మంది గుర్రపువాళ్ళు, 300 మంది శిక్షకులు ఉండేవారని అతని లెక్క. అంటే గుర్రాన్ని చూసుకోవడం ఒకరి వృత్తి. గుర్రానికి నేర్పడం మరొకరి వృత్తి. రౌతు కొద్దీ గుర్రం అన్న మాట ఊరకే పుట్టలేదు.

అన్నం తిన్న పిల్ల, ఉలవ తిన్న పిల్ల

ఇప్పుడు మార్కో పోలో చూసిన వంకర కాళ్ళ పిల్లల సంగతికి వద్దాం. అతడు దానిని దేశం గాలికి, నేలకు అంటగట్టాడు. గుర్రపు పిల్ల ఎముకకు సున్నం, భాస్వరం సరైన పాళ్ళలో కావాలని నేడు మనకు తెలుసు. బియ్యంలో సున్నం దాదాపు లేదు. తవుడులో భాస్వరం అత్యధికం. తవుడు, బియ్యం ప్రధానంగా మేపితే గుర్రం తన ఎముకలోని సున్నాన్నే కరిగించుకొంటుంది. పెద్ద గుర్రానికి ముఖం ఎముక ఉబ్బి కుంటుతనం వస్తుంది. ఎదిగే పిల్లకు కాళ్ళు వంకరపోతాయి. దీనికి పాశ్చాత్య దేశాలలో తవుడు జబ్బు అనే పేరే ఉన్నది. తమిళ తీరపు వరి భూములలో అన్నం తిన్న గోడిగకు పుట్టి, అన్నమే తిని పెరిగిన పిల్ల కాళ్ళు వంకరగా ఉండడానికి ఈ కారణం చాలునని నా ఊహ.

మెట్టసీమలో పరిస్థితి వేరు. బళ్ళారి, అనంతపురం, కర్నూలు ఎర్రనేలలలో, వాన తక్కువైన ఏట కూడా పండేది ఉలవ. కన్నడంలో హురళి. ఇంగ్లీషువాళ్ళు దీనికి గుర్రం పేరే పెట్టారు. వంద గ్రాముల బియ్యంలో సున్నం పది మిల్లీగ్రాములైతే ఉలవలలో 280 పైచిలుకు. దాని భాస్వరం కూడా ఇంచుమించు అంతే. 1520 ప్రాంతంలో వచ్చిన దొమింగో పేష్ ఈ దేశపు పంటలలో ఉలవలను పేర్కొన్నాడు. నికితిన్ బహమనీ సీమలో చూసిన పప్పుగింజల మేత ఇలాంటిదే. పైగా మెట్టసీమలో జొన్నచొప్ప, గరికబీళ్ళు, నీరు ఇంకే గట్టినేల ఉన్నాయి. చిత్తడినేలలో గిట్ట మెత్తబడుతుంది. గట్టినేల మీద తిరిగిన పిల్లకు గిట్ట గట్టిపడుతుంది. దక్కను దేశవాళీ గుర్రాలకు పేరుపడ్డ భీమానది లోయ కూడా వరి సీమ కాదు, జొన్న సీమ. గుర్రం పుట్టని దేశం అన్న మాటకు వరిపంట సరిహద్దు గీస్తే, దానికి ఇవతల ఉలవ పండే చోట నూనిజ్ చెప్పిన దేశవాళీ గుర్రానికి పుట్టిల్లు దొరుకుతుంది.

అయితే ఈ పుట్టింటి గుర్రం మేలుజాతి ఎందుకు కాలేకపోయింది? కారణం రాజ్యం లెక్కలోనే ఉన్నది. 70, 80 పర్దావులు వచ్చే పిల్లను నాలుగైదేళ్ళు మేపే ఓపిక కాపుకు ఉండదు. తొందరగా అమ్మాలి. తొందరగా జీను ఎక్కాలి. మేలైన పోతులు రాజు లాయంలోను, నాయకుల కొలువులోను ఉంటాయి గాని ఊరి గోడిగ దగ్గరికి రావు. వచ్చిన లాభం మళ్ళీ గోవాకే పోతుంది. చచ్చిన గుర్రం తోకకు కూడా ధర కట్టిన రాజ్యం, బతికి ఉన్న పిల్ల పాలకు ధర కట్టలేదు. వర్తకుల మీద రాజనీతి పద్యం ఉన్నది. పెంపకందారును నిలబెట్టే ఒడంబడిక ఏదీ 1547 నాటి ఒడంబడిక పక్కన కనిపించదు.

తరువాతి కాలం

ఈ పాఠాన్ని తరువాతి ప్రభువులు కొంత నేర్చుకున్నారు. మైసూరులో టిప్పు సుల్తాను కాలానికి చెందిన కుణిగల్ గుర్రాల క్షేత్రం తరువాత పందెపు గుర్రాల పెంపకానికి ప్రసిద్ధి పొందింది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న హోసూరు దగ్గర మత్తిగిరిలో 1824లో మద్రాసు సైన్యానికి గుర్రాల కేంద్రం ఏర్పడింది. ఆ నేలే తరువాత ప్రభుత్వ పశుక్షేత్రమైంది. బళ్ళారి దండులో నిలిచిన కంపెనీ సైన్యానికి దత్తమండలాలు 1800లోనే దక్కాయి. అయినా పంతొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు రేవుకు ఆస్ట్రేలియా నుంచి వేలరు గుర్రాలు దిగుతూనే వచ్చాయి. రేవు మారింది, ఓడ మారింది. ఊరి గోడిగ ఉన్నచోటే ఉన్నది.

హంపీలో హజారరామాలయం ప్రాకారం మీద, మహానవమి దిబ్బ మీద వరుసలు తీరిన గుర్రాలను, వాటిని పట్టి నడిపించే మనుషులను చూస్తాం. అవి జీను వేసిన గుర్రాలు. ఊరేగింపుకు సిద్ధమైనవి. వాటి వెనుక నాలుగైదేళ్ళ మేత, రెండు మూడేళ్ళ ఓర్పు ఉన్నాయి. రాయలసీమ, బళ్ళారి గ్రామాలలోని కైఫీయతులను, ఇనాము పత్రాలను, గుర్రపు పేర్లతో ఉన్న బీళ్ళ పేర్లను, ఊరి పేర్లను ఈ దృష్టితో తిరిగి చదివితే ఫలితం ఉంటుంది. తేజిని గురించి చాలా చదివాం. గోడిగను, కిశోరాన్ని వెదకడం తెలుగు కన్నడ పరిశోధకులు కలిసి చేయదగిన పని.